సూర్యాపేట దగ్గర ఇన్ఫినిటీ

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరాను. విజయవాడలో హాస్టల్ దగ్గర మా మేనకోడల్ని ఎక్కించుకుని తెనాలి వెళ్ళాలి. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర ఉంటానని మాటిచ్చాను. విజయవాడకి సుమారు 270 కిలోమీటర్లు. గంటకి 60 చొప్పున పోయినా నాలుగున్నర గంటలు, పదకొండున్నరకి బయల్దేరితే సరిపోతుందనుకున్నాను. భోగి ముందురోజు ఆ రోడ్డెక్కిన అనుభవం ఉన్నవాళ్ళెవరూ అలా అనుకోరు. నేను అనుకున్నాను.

సూర్యాపేట దాదాపు సగం దారి. టోల్ గేట్ల దగ్గర పాకుతూ పాకుతూ అక్కడికి చేరి, టీకి ఆగానో లేదో ఫోను మోగింది.

"మావయ్యా, ఎక్కడున్నావ్?"

"సూర్యాపేట."

"టైమెంతయిందో చూశావా?"

చూశాను. నాలుగు. మిగతా సగం స్పీడుగా వచ్చేస్తాలే అన్నాను, అలవాటు కొద్దీ. ఫోన్ పెట్టేశాక టీ గ్లాసు పట్టుకుని ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. మొదటి సగం గంటకి 30 చొప్పున వచ్చాను. ప్రయాణం మొత్తానికి సగటు 60 పడాలంటే రెండో సగం ఎంత వేగంతో పోవాలి? 30కీ 90కీ నడుమ 60 ఉంది కదా అని చాలామంది 90 అనేస్తారు. కానీ నా దగ్గరున్న నాలుగున్నర గంటలూ సూర్యాపేటలోనే ఖర్చయిపోయాయి. మిగతా 135 కిలోమీటర్లూ సున్నా నిమిషాల్లో పోవాలి.

సరే, కొంచెం తక్కువ ఆశపడదాం. సగటు 40 వస్తే చాలనుకుంటే రెండో సగం 60తో పోవాలి, హాయిగా అయ్యే పని. 50 కావాలంటే 150తో పోవాలి, చలానా ఖాయం. 55 కావాలంటే 330, కారు వల్ల కాదు. 59 అంటే 1,770. 59.9 అంటే 17,970. కావలసిన సగటుని ఎక్స్ అనుకుంటే, పోవలసిన వేగం 30 × ఎక్స్ / (60 − ఎక్స్). ఎక్స్ 60కి దగ్గరయ్యే కొద్దీ ఆ వేగానికి పట్టపగ్గాలుండవు. 60 దగ్గర అసలు జవాబే లేదు. 61 పెట్టి చూస్తే మైనస్ 1,830 వస్తుంది. కాలంలో వెనక్కి పోగలిగినవాళ్ళకేమో గానీ, టీ తాగుతున్న నాకు ఆ సంఖ్యతో పని లేదు.

ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో ఎన్నో గ్రాఫుల్లో గీతలు గీశాను. వర్టికల్ అసింప్టోట్ అంటే ఏమిటో ఒంటికి తెలిసింది మాత్రం ఆ టీ బడ్డీ దగ్గరే. 60 దగ్గర నిలబెట్టిన గీత అది. దాన్ని నేను దాటలేను, చేరలేను. ఎంత దగ్గరికైనా పోవచ్చు గానీ, దగ్గరైన ప్రతి అడుగుకీ పోయిన అడుగు కన్నా ఎన్నో రెట్లు కట్టాలి.

ఆ టోల్ గేటు క్యూ కూడా ఇలాంటిదే. గేటు నిమిషానికి 10 బళ్ళని పంపగలదనుకుందాం. బళ్ళు వచ్చే తీరుకీ, ఒక్కో బండికి పట్టే సమయానికీ ఒక పద్ధతంటూ లేకపోతే, ఒక బండి అక్కడ గడిపే సగటు సమయం 1 / (10 − వచ్చే బళ్ళు) నిమిషాలని క్యూల శాస్త్రం చెబుతుంది. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన 1909లో టెలిఫోన్ కాల్స్ లెక్కల కోసం మొదలుపెట్టిన శాస్త్రం అది. నిమిషానికి 9 బళ్ళొస్తే ఒక నిమిషం. తొమ్మిదిన్నర వస్తే రెండు నిమిషాలు. 9.9 వస్తే పది నిమిషాలు. 9.99 వస్తే వంద నిమిషాలు. మామూలు రోజుల్లో 9 దగ్గర బతికే గేటు పండక్కి 10 వైపు జరుగుతుంది. బళ్ళు పది శాతమే పెరిగాయి, మరి ఇంత జామేంటి అని ఆశ్చర్యపోయేవాళ్ళకి జవాబు ఇదే. 10 దాటితే సూత్రం మైనస్ సంఖ్యలిస్తుంది, క్యూ మాత్రం పెరుగుతూనే పోతుంది.

ఆ రాత్రి తెనాలిలో మా అక్క అరిసెలు వత్తుతుంటే, మా మేనకోడలు పక్కన కూర్చుని లిమిట్స్ నోట్స్ తీసింది. పండగ సెలవుల్లోనూ హోంవర్కే. నోట్స్‌లో ఎర్ర పెన్నుతో డబ్బా కట్టి ఒక వాక్యం ఉంది: డినామినేటర్‌ని జీరో చేసే ఎక్స్ విలువ దగ్గర వర్టికల్ అసింప్టోట్ ఉంటుంది. పక్కన మూడు నక్షత్రాలు.

"అంతే కదా మావయ్యా? కింద సున్నా వస్తే ఇన్ఫినిటీ."

అంతే కాదు. ఆ డబ్బా మీద నాకున్న కోపమే ఈ వ్యాసం. ఆ వాక్యం కొన్నిచోట్ల తప్పు, అది చిన్న ఇబ్బందే. పెద్ద ఇబ్బంది ఏమిటంటే, అది పిల్లల చూపుని తప్పు చోట నిలబెడుతుంది. సున్నా పడ్డ ఆ ఒక్క బిందువు వైపే చూడమంటుంది. లిమిట్ అనే ఆలోచన పుట్టిందే ఆ బిందువు మీంచి చూపు తీసి, దాని ఇరుగుపొరుగుని అడగడానికి.

నమ్మకపోతే చరిత్ర చూడండి. ఏదైనా సంఖ్యని సున్నాతో భాగిస్తే ఏమొస్తుంది? 628లో బ్రహ్మగుప్తుడు జవాబు తేల్చకుండా, కింద సున్నా ఉన్న భిన్నంగానే ఉంచేశాడు. పైగా సున్నా బై సున్నా సున్నాయే అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు. పావులూరి మల్లన తెలుగు చేసింది ఈయన గణితాన్నే. పంచుకోవడానికి ఎవరూ రాకపోతే కుప్ప అలాగే ఉంటుంది కదా అనుకుంటే ఆ మాటా సబబుగానే వినిపిస్తుంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు, సున్నాతో భాగిస్తే వచ్చేదానికి ఖహరం అని పేరు పెట్టి, అది అనంతమన్నాడు. సృష్టి ప్రళయాల్లో ఎన్ని ప్రాణులు వచ్చి చేరినా, బయటికి పోయినా అచ్యుతుడిలో మార్పు లేనట్టే, ఖహరానికి ఎంత కలిపినా తీసేసినా మార్పు లేదన్నాడు. గణితంలో ఇంత అందమైన ఉపమానం నాకు ఇంకోటి తెలీదు.

ముగ్గురూ మామూలు వాళ్ళు కారు. మూడు జవాబులూ వేరు. ముగ్గురూ ఆ చోట విలువెంత అని అడిగారు. ఆ చోట విలువే లేదు. లేని దాని గురించి ఎంత గొప్పవాడు చెప్పినా ఊహే అవుతుంది. సున్నా దగ్గర ఏముంది అనే ప్రశ్న మానేసి, సున్నాకి దగ్గరవుతుంటే ఏమవుతోంది అని అడిగిన రోజున గొడవ తీరుతుంది.

భాస్కరుడికి ఆ రెండో ప్రశ్న వాసన తగిలిందని నా అనుమానం. లీలావతిలో ఒక లెక్క ఉంది. ఒక సంఖ్యని సున్నాతో గుణించి, వచ్చినదానికి దాని సగం కలిపి, మూడుతో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది, ఆ సంఖ్యేది? మన నోట్స్ డబ్బా ప్రకారం కింద సున్నా ఉంది కాబట్టి ఇన్ఫినిటీ, లెక్కే తప్పు. భాస్కరుడు మాత్రం, ఇంకా చేయాల్సిన పని మిగిలి ఉంటే సున్నాతో గుణించగానే సున్నా రాసేయొద్దని, ఆ సున్నాని గుణకంగానే అట్టే పెట్టమని చెబుతాడు. చివర్లో కింది సున్నాతో పైసున్నా కొట్టుకుపోతుంది. మిగిలేది సంఖ్యకి ఒకటిన్నర రెట్లు, దానికి మూడు రెట్లు, అది 63. జవాబు 14. సున్నా బదులు చాలా చిన్న సంఖ్య ఏది పెట్టి చేసినా అదే 14. ఇదే లెక్క ఈనాటి పుస్తకంలో వస్తే సున్నా బై సున్నా రూపం, అవధి (అంటే లిమిట్) కనుక్కోండి అంటారు.

మా మేనకోడలికి ముందు ఇదే చెప్పాను. తర్వాత దాని నోట్స్ లెక్కకే వచ్చాం. (ఎక్స్ వర్గం − 5ఎక్స్ + 6) / (ఎక్స్ వర్గం − 4). కింద 2 దగ్గరా సున్నా, మైనస్ 2 దగ్గరా సున్నా. డబ్బా ప్రకారం రెండు అసింప్టోట్లు. పైనా కిందా కారణాంకాలు తీస్తే (ఎక్స్ − 2) రెండు చోట్లా ఉంది. అది పోతే (ఎక్స్ − 3) / (ఎక్స్ + 2) మిగులుతుంది. 2 దగ్గర గ్రాఫ్ ఆకాశానికీ పోదు, పాతాళానికీ పోదు. మైనస్ పావు ఎత్తులో నెమ్మదిగా నడిచిపోతుంది, సరిగ్గా 2 మీద ఒక చిన్న చిల్లు తప్ప. అసింప్టోట్ మైనస్ 2 దగ్గర ఒక్కచోటే.

"అయితే ముందు క్యాన్సిల్ చేసి, తర్వాత కింద సున్నా చూడాలన్నమాట" అంది.

నోట్స్ డబ్బాకి అది సవరణ. బహుపదుల భిన్నాలకి అది పనిచేస్తుంది, కాదనను. మరి సైన్ ఎక్స్ బై ఎక్స్‌లో ఏం క్యాన్సిల్ చేస్తావు? సున్నా దగ్గర పైనా సున్నా, కిందా సున్నా. కొట్టేయడానికి ఏమీ లేదు, అయినా అవధి 1. అదే సైన్ ఎక్స్ వర్గాన్ని ఎక్స్‌తో భాగిస్తే అవధి సున్నా. సైన్ ఎక్స్‌ని ఎక్స్ వర్గంతో భాగిస్తే మాత్రం కుడివైపు పైకీ, ఎడమవైపు కిందికీ పట్టపగ్గాల్లేకుండా పోతుంది. సున్నా బై సున్నా అనే ముసుగు మూడింటికీ ఒకటే. ముసుగు తీస్తే ముగ్గురూ వేరు. సున్నా వైపు పైవాడు ముందు పరిగెత్తుతున్నాడా, కిందివాడా, ఇద్దరూ సమానంగానా అన్నదాని మీద ఉంది జవాబు. అది పరుగు పందెం. ఎవరు గెలిచారో గమ్యం దగ్గర నిలబెట్టి తీసిన ఫొటో చూసి చెప్పలేం, అక్కడ అందరూ సున్నాలే.

ఈ గందరగోళంలో మన మాటల పాత్ర కూడా ఉందనిపిస్తుంది. లిమిట్‌ని తెలుగు మీడియంలో అవధి అన్నారు. మామూలు తెలుగులో అవధి అంటే హద్దు. ఆనందానికి అవధుల్లేవు అంటాం. ఇంగ్లీషు మాటే వాడినా అంతే, లిమిట్ దాటకు, లిమిట్‌లో ఉండు అని పిల్లల్ని కసురుతాం. అందుకే పిల్లలకి లిమిట్ అనగానే ఒక గోడ కనపడుతుంది, దాటకూడని గోడ. గణితంలో లిమిట్‌కి ఆ కోపం లేదు. సైన్ ఎక్స్ బై ఎక్స్, ఎక్స్ పెరిగే కొద్దీ సున్నా వైపు పోతూ ఆ సున్నాని లెక్కలేనన్నిసార్లు దాటుతుంది, అయినా సున్నాయే దాని అవధి. ఇటు పోతున్నాడు అని దారి చూసి చెప్పడమే అది. కంచె వేయడం కాదు.

అసింప్టోట్‌ది ఇంకా తమాషా. గ్రీకులో ఆ మాటకి కలవనిది అని అర్థం, గ్రీకు గణితవేత్త అపోలోనియస్ శాంకవాల (కోనిక్స్) గురించి రాసిన రోజుల నుంచీ ఉంది. మన ఇంటర్ పుస్తకంలో అతిపరావలయం (హైపర్బోలా) పాఠంలో దాన్నే అనంత స్పర్శరేఖ అన్నారు. అంటే అనంతం దగ్గర తాకే గీత. వాళ్ళు కలవదన్నారు, మనం తాకుతుందన్నాం. ఇద్దరిలో మనవాళ్ళ మాటే నాకు ఇష్టం, కనీసం ఇక్కడ వెతక్కు, చాలా దూరం పోవాలి అని చెబుతుంది. కలవదు అన్న మాటని పిల్లలు అక్షరాలా పట్టుకుని, గ్రాఫ్ ఎప్పటికీ అసింప్టోట్‌ని తాకదు అని బట్టీ పడతారు. అదీ తప్పే. సున్నా కానిచోట 1/ఎక్స్, సున్నా దగ్గర మాత్రం 5 అని ఒక ప్రమేయాన్ని (ఫంక్షన్‌ని) నేను నిర్వచించుకుంటే ఎవరొద్దంటారు? ఆ 5 సరిగ్గా అసింప్టోట్ గీత మీదే కూర్చుంటుంది. ఇరుగుపొరుగు మాత్రం మునుపటిలాగే అటు ఆకాశానికీ, ఇటు పాతాళానికీ పోతుంటారు. బిందువు దగ్గర ఏమున్నా, లేకున్నా అసింప్టోట్‌కి పట్టదు.

మరి ఇరుగుపొరుగు సాక్ష్యాన్ని ఎలా తీసుకోవాలి? సంక్రాంతి కదా, పందెం కట్టాం. ప్రమేయం 1 / (ఎక్స్ − 3) వర్గం. 3 దగ్గర ఇది ఇన్ఫినిటీకి పోతుంది అన్నది నా మాట. కాదన్నది మా మేనకోడలి మాట. ఆట ఇలా: ముందు అది ఒక ఎత్తు పాడాలి. ఎంత పెద్దదైనా సరే. తర్వాత నేను ఒక దగ్గరతనం చెప్పాలి. 3కి అంత దగ్గరలో ఉన్న ప్రతి బిందువు దగ్గరా, ఒక్క 3 తప్ప, గ్రాఫ్ ఆ ఎత్తుకి పైనే ఉండాలి. ఒక్కటి కిందికి జారినా నేను ఓడినట్టు.

"10 లక్షలు."

"3కి వెయ్యో వంతు లోపల ఎక్కడైనా చూసుకో."

"10 కోట్లు."

"పదివేలో వంతు."

నాలుగైదు పాటల తర్వాత అది అరిసె నోట్లో పెట్టుకుని ఊరుకుంది. "నేనెంత పాడినా నువ్వు వర్గమూలం తీసి తిరగేసి చెప్పేస్తున్నావు" అంది. అదీ అసలు సంగతి. ప్రతి పాటకీ జవాబు చెప్పే ఒక పద్ధతి నా చేతిలో ఉంది. లిమిట్ ఇన్ఫినిటీ అన్న మాటకి అర్థం అంతే. ఇన్ఫినిటీ అనే ఊరు ఎక్కడో ఉందనీ, గ్రాఫ్ అక్కడికి చేరిందనీ కాదు. ఏ పాటకీ నేను ఓడను అన్న హామీకి పొట్టి పేరు అది. 1655లో వాలిస్ వాడుకలో పెట్టిన ఆ పడుకున్న ఎనిమిది గుర్తు చూసి మనం దాన్నొక సంఖ్యనుకుంటాం, అందుకే సమానం గుర్తు పక్కన పెట్టేసి మురిసిపోతాం. నిజానికి ఆ వాక్యం అవధి లేదనే చెబుతోంది. కాకపోతే ఎందుకు లేదో, ఎటు తప్పించుకుపోయిందో కూడా చెబుతోంది.

ఎవరు ముందు పాడాలన్నదే ఇందులో కిటుకు. నేను ముందు దగ్గరతనం చెప్పి, తర్వాత అది ఎత్తు పాడితే ప్రతిసారీ నేనే ఓడతాను. 3కి కొద్ది దూరంలో ఉన్న బిందువు దగ్గర గ్రాఫ్ ఎత్తు పరిమితమే కదా, దానికన్నా ఒకటి ఎక్కువ పాడితే చాలు. ఈ వరసని ఇంత కచ్చితంగా తేల్చడానికి యూరప్‌కి రెండు వందల ఏళ్ళ దాకా పట్టింది. న్యూటన్, లైబ్నిట్జ్‌లు 17వ శతాబ్దంలో కాలిక్యులస్ కట్టారు. 1734లో బిషప్ బర్క్‌లీ, మీ చిన్న రాశులు సున్నాలు కావు, సంఖ్యలు కావు, చచ్చిపోయిన రాశుల దెయ్యాలా ఏమిటి అని వెక్కిరించాడు. వెక్కిరింపులో న్యాయం ఉంది. 1821లో కోషీ చాలావరకు సర్దాడు. మనం ఇప్పుడు వాడే రూపం బెర్లిన్‌లో వైయర్‌స్ట్రాస్ పాఠాల్లో కుదురుకుంది. ఆయన అంతకుముందు పద్నాలుగేళ్ళ పాటు స్కూళ్ళలో పాఠాలు చెప్పినవాడే. అన్నేళ్ళు పట్టిన మాటని మనం రెండు పీరియడ్లలో కొట్టేసి, మిగతా టైమంతా లెక్కలకి ఇస్తాం.

"ప్రతి బిందువూ ఎందుకు? ఒక్కచోట దాటితే చాలదా?" అని అడిగింది మా మేనకోడలు. మంచి ప్రశ్న, నేను ఊహించనిది. (1/ఎక్స్) ని సైన్ (1/ఎక్స్) తో గుణిస్తే వచ్చేదాన్ని చూడు అన్నాను. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ అది ఎంత ఎత్తు పాడినా ఎక్కడో ఒకచోట దాటుతుంది. కానీ వెంటనే కిందికి పడి, సున్నాని దాటి, అంత లోతుకీ మునిగి, మళ్ళీ లేస్తుంది. ఎంత దగ్గరికి పోయినా ఆ పూనకం ఆగదు. దాన్ని ఇన్ఫినిటీకి పోతోంది అనలేం, ఎటు పోవాలో తేల్చుకోలేదు కాబట్టి.

ఇక్కడ కాల్క్యులేటర్ భక్తులకి ఒక మాట. విలువలు పట్టిక వేసి చూస్తే తెలిసిపోతుందిగా, ఈ పందేలెందుకు అంటారు. సహజ సంవర్గమానం, అంటే లాగ్, సున్నా దగ్గర మైనస్ ఇన్ఫినిటీకి పోతుంది. పది లక్షల్లో ఒకటో వంతు దగ్గర దాని విలువ మైనస్ 13.8 మాత్రమే. మామూలు సైంటిఫిక్ కాల్క్యులేటర్‌లో పట్టే చిన్న సంఖ్య 10కి మైనస్ 99వ ఘాతం, అక్కడ కూడా మైనస్ 228 దగ్గరే ఉంటుంది. పట్టిక చూసినవాడు ఇది ఎక్కడో మైనస్ 250 దగ్గర ఆగిపోతుందనుకుంటే తప్పు పట్టలేం. ఆగదు. పందెంలో మైనస్ వెయ్యి పాడినా జవాబుంది, ఆ సంఖ్య కాల్క్యులేటర్‌లో పట్టదంతే.

దీనికి తిరగేసి ఇంకోటి. 1 / (ఎక్స్ − 3) వర్గానికి కింద 0.000000000001 కలపండి. 3కి వెయ్యో వంతు దూరంలో రెండిటికీ తేడా కంటికి ఆనదు, రెండూ 10 లక్షల దగ్గరే. గ్రాఫ్ గీస్తే రెండూ ఒకటే నిలువు స్తంభం. కానీ రెండోదాని కింద ఎప్పుడూ సున్నా పడదు. 3 దగ్గర అది లక్ష కోట్లకి చేరి దిగిపోతుంది. మన రాష్ట్రాల బడ్జెట్లు చూసేవాళ్ళకి లక్ష కోట్లు పెద్ద లెక్క కాదు. ఎవరైనా రెండు లక్షల కోట్లు పాడితే ఆ ప్రమేయం పందెం ఓడిపోతుంది. చాలా ఎత్తు వేరు, ఎంత ఎత్తైనా వేరు.

ఇక ఎడమా కుడీ. పదో తరగతిలో టాన్ 90 నిర్వచితం కాదని పుస్తకంలో ఉంటుంది, ఇన్ఫినిటీ అని ట్యూషన్‌లో చెబుతారు. పుస్తకమే కరెక్టు. టాన్ 89 డిగ్రీలు 57.29. 89.9 అయితే 572.96. 89.99 అయితే 5,729.58. ఒక రేడియన్‌లో ఎన్ని డిగ్రీలున్నాయో గుర్తున్నవాళ్ళకి ఈ 57.29 ఎక్కడో విన్నట్టుంటుంది, దాదాపు అదే ఇది. సరే, ఎడమ నుంచి చూస్తే పైకి పోతోంది. మరి 91 డిగ్రీలు? మైనస్ 57.29. కుడి నుంచి వచ్చేవాడు పాతాళంలోంచి వస్తున్నాడు. ఇద్దరు పొరుగువాళ్ళు చెరో సాక్ష్యం చెబుతుంటే ఒక్క ఇన్ఫినిటీ అని తీర్పు ఎలా రాస్తాం? 1/ఎక్స్ సున్నా దగ్గరా ఇదే కథ. 1/ఎక్స్ వర్గం అయితే ఇద్దరూ పైకే. సూర్యాపేట లెక్కలో ఎడమవైపు సాక్షి ఒక్కడే బతికున్నవాడు.

మనలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. కంప్యూటర్లలో దశాంశ సంఖ్యల లెక్కకి 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణంలో సున్నాలు రెండు: ప్లస్ సున్నా, మైనస్ సున్నా. జావాస్క్రిప్ట్‌లో ఒకటిని మొదటి దానితో భాగిస్తే ఇన్ఫినిటీ, రెండో దానితో భాగిస్తే మైనస్ ఇన్ఫినిటీ. సున్నాని సున్నాతో భాగిస్తే అసలు సంఖ్యే కాదు పొమ్మంటుంది. సున్నాకి ఏ వైపు నుంచి వచ్చామో గుర్తుంచుకోకపోతే లెక్క చెడుతుందని యంత్రాలు కట్టినవాళ్ళు గ్రహించి, ఆ గుర్తుని సంఖ్యలోనే దాచారు. పైథాన్ మాత్రం మా లెక్కల మాస్టారిలా, సున్నాతో భాగించావా అని నేరుగా ఎర్రర్ కొడుతుంది.

నా మాటకి ఎదురుమాట ఉందని తెలుసు. నాకే ఒక కోచింగ్ లెక్చరర్ స్నేహితుడున్నాడు. ఇవన్నీ చెబితే వాడు అంటాడు, మా పిల్లలకి ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి 70 సెకన్లు కూడా లేవు, నీ పందేలు ఎవడు కడతాడు? నిజమే. షార్ట్‌కట్ వద్దని నేననడం లేదు. నేనూ గుర్తుపెట్టుకున్న షార్ట్‌కట్ల మీదే ఇంజనీరింగ్ గట్టెక్కాను. నా గొడవ వరస గురించే. పందెం ఒక్క గంట ఆడించి తర్వాత డబ్బా కట్టిస్తే, ఆ డబ్బా ఎక్కడ పనిచేయదో పిల్లకి తెలుస్తుంది. ముందే డబ్బా కట్టిస్తే పిల్లకి ఉండేది డబ్బా ఒక్కటే. సైన్ ఎక్స్ బై ఎక్స్ దగ్గర అది చేతులెత్తేసినప్పుడు ఇంకో డబ్బా, ఘాతాలు వచ్చినప్పుడు ఇంకోటి. నోట్స్ నిండా నక్షత్రాలే. వాడి లెక్క ప్రకారం చూసినా, ఐదు డబ్బాలు బట్టీ పట్టే టైము ఒక పందెం టైము కన్నా ఎక్కువ.

వాడు ఒప్పుకోలేదు. రెండేళ్ళ సిలబస్‌ని ఏడాదిన్నరలో ముగించి రివిజన్‌కి పోవాల్సినవాడి బాధ వాడిది.

పండగ అయిపోయి పిల్ల హాస్టల్‌కి వెళ్ళాక, రెండు వారాలకి ఆదివారం ఫోన్ చేసింది.

"మావయ్యా, వీక్లీ టెస్టులో 1/ఎక్స్ ఇచ్చారు, సున్నా దగ్గర లిమిట్. ఆప్షన్లలో సున్నా, ఒకటి, ఇన్ఫినిటీ, అవధి లేదు."

"హమ్మయ్య, తెలిసిందేగా. అవధి లేదు అని పెట్టావా?"

"ఇన్ఫినిటీ పెట్టా."

"అదేంటే! ఎడమ, కుడి..."

"నాకు తెలుసు మావయ్యా. కీలో ఇన్ఫినిటీయే ఉంటుందనీ తెలుసు. అందుకే అది పెట్టా. కీలో అదే వచ్చింది, మార్కూ వచ్చింది. ఊరుకోలేక డౌట్స్ అవర్‌లో సార్ దగ్గరికెళ్ళి, ఎడమ నుంచి వస్తే ఏంటి సార్ అని అడిగా. ఆయన బోర్డు మీద గ్రాఫ్ కుడి సగం గీశారు, ఎడమ సగం గీయబోయి ఆగిపోయారు."

"తర్వాత?"

"కీ మార్చారు. నా మార్కు పోయింది."